పెరట్లో మట్టి పోయించి మెరక చేయాలంటే సిటీ పర్మిట్ కావాలా? కాంట్రాక్టర్ అక్కర్లేదంటున్నాడు

పెరటిగోల:

అందరికీ నమస్తే. ఇక్కడ అమెరికాలో సొంతిల్లు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా సివిల్ లైన్‌లో ఉన్నవాళ్ళు కాస్త దారి చూపించండి. మా పెరడు ఇంటివైపు వాలి ఉంది. గట్టి వాన పడితే నీళ్ళు వెనక ఫెన్స్ దగ్గర్నుంచి వచ్చి పేషియో పక్కన, వెనక గోడ పొడవునా నిలబడిపోతాయి. బంకమన్ను కావడంతో రెండ్రోజులైనా ఇంకవు. ఫౌండేషన్‌కి ఏమవుతుందోనని మబ్బు పడితే చాలు టెన్షన్.

ఒక ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్‌ని పిలిపించాం. ఆయన చెప్పిన ప్లాన్ ఇదీ: వెనక గోడ పొడవునా 50 అడుగులు, గోడ నుంచి బయటికి 30 అడుగులు, అడుగు ఎత్తున మట్టి పోసి మెరక చేస్తాడట. ఎడమవైపు పక్కింటి నేల మాకన్నా పల్లం, అందుకని మట్టి అటు జారకుండా ఫెన్స్ వెంట 3 అడుగుల బ్లాక్ గోడ కడతాడట. కప్పు మీది నీళ్ళు దిగే డౌన్‌స్పౌట్‌లకి పైపులు తగిలించి పక్కకి వదిలేస్తాడట. పర్మిట్ ఏమన్నా కావాలా అంటే నవ్వేసి ఇది ల్యాండ్‌స్కేపింగ్ అండీ, దీనికి పర్మిట్ ఏంటి అన్నాడు. సిటీ వెబ్‌సైట్ చూస్తే ఒక పేజీలో 50 క్యూబిక్ యార్డులు దాటితే గ్రేడింగ్ పర్మిట్ (నేల మట్టాలు మార్చడానికి అనుమతి) కావాలని ఉంది, ఇంకో పేజీలో నీటి పారుదల దిశ మారే ఏ పనికైనా అనుమతి తీసుకోవాలని ఉంది. రెండూ చదివాక ఉన్న బుర్ర కూడా పోయింది.

హెచ్‌ఓఏకి, అంటే మా కాలనీ ఇంటి యజమానుల సంఘానికి, పంపిస్తే వాళ్ళు ఓకే చేసేశారు. పక్కింటాయన మాత్రం ఫెన్స్ మీదుగా చూసి "మీ నీళ్ళు మా వైపు రావు కదా" అని మర్యాదగానే అడిగాడు. నేనేం చెప్పలేకపోయాను. ఇంతకీ ఆ 50 లెక్క ఎలా వేస్తారు? హెచ్‌ఓఏ ఒప్పుకుంటే సరిపోదా? పర్మిట్ కావాలంటే అప్లై చేయాల్సింది నేనా, కాంట్రాక్టరా?

మాకేంకాలేదు:

బ్రో, ఎక్కువ ఆలోచిస్తున్నారు. మా సబ్‌డివిజన్‌లో బోలెడుమంది మట్టి పోయించుకున్నారు, ఒక్కళ్ళనీ ఎవరూ అడగలేదు. శనివారం పొద్దున ట్రక్కులు వస్తాయి, సాయంత్రానికి గడ్డి పలకలు పరిచేస్తారు, సోమవారం చూసేవాడికి ఏం తెలుస్తుంది? సిటీకి వెళ్ళి అడిగారంటే మాత్రం మీ అంతట మీరే తలనొప్పి కొనుక్కున్నట్టు. ఇంజనీర్ స్టాంప్ అంటారు, సర్వే అంటారు, మట్టి ఖర్చుకన్నా కాగితాల ఖర్చు ఎక్కువవుతుంది.

వాలుమేస్త్రి:

పెరటిగోల గారూ, పర్మిట్ సంగతి తర్వాత చూద్దాం, అసలు ఆ ప్లానే నాకు నచ్చలేదు. సైట్ డ్రైనేజీ నా రోజువారీ పని కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఇంటి గోడకి ఆనించి అడుగు ఎత్తు మట్టా? మీది ఇటుక వెనీర్ ఇల్లయితే, అంటే బయటివైపు ఒక పొర ఇటుక కట్టిన ఇల్లయితే, గోడ అడుగు వరసలో రెండు మూడు అడుగులకోసారి, రెండు ఇటుకల మధ్య నిలువు అతుకులో మోర్టార్ నింపకుండా సన్నటి సందు వదిలేసి ఉంటారు. అవి వీప్ హోల్స్, ఇటుక వెనక చేరిన తడి బయటికి పోవడానికి. అవి మట్టిలో కూరుకుపోతే తడి లోపలే ఉండిపోతుంది, చెదపురుగులకి కూడా నేల నుంచి నేరుగా గోడలోకి దారి దొరుకుతుంది. ఇళ్ళకి వర్తించే రెసిడెన్షియల్ కోడ్, ఐఆర్‌సీ అంటాం, అందులో నేల మట్టం కంటే ఫౌండేషన్ ఎంత పైకి కనిపించాలో రాసి ఉంది: ఇటుక వెనీర్ ఉన్నచోట కనీసం 4 అంగుళాలు, మిగతా చోట్ల 6. కాబట్టి టేపు పట్టుకుని గడ్డి మొదలు నుంచి ఆ సందుల దాకా ఎంతుందో కొలవండి. అక్కడ అడుగు మట్టి పట్టదని నేను ఇక్కడ కూర్చునే చెప్పగలను.

అదే కోడ్‌లో ఆర్401.3 అని ఒక సెక్షన్ ఉంది. ఇంటి గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల కనీసం 6 అంగుళాలు కిందికి దిగాలి, అంటే సుమారు 5 శాతం వాలు. స్థలం చాలక అంత వాలు రాకపోతే, ఉదాహరణకి పక్క గోడకీ ఫెన్స్‌కీ మధ్య 5 అడుగులే ఉంటే, కాలవలాంటి స్వేల్ గానీ డ్రెయిన్ గానీ పెట్టి నీళ్ళు ఇంటికి దూరంగా పోయేలా చేయాలి. 10 అడుగుల లోపు కాంక్రీట్ ఉంటే దానికి 2 శాతం వాలు బయటివైపు ఉండాలి, మీ పేషియోకి కూడా ఇదే. ఈ వాలు మట్టి పోసి తెచ్చుకోవచ్చు, అవతల తవ్వి కూడా తెచ్చుకోవచ్చు. కాంట్రాక్టర్‌కి మట్టి అమ్మితే లాభం కాబట్టి మొదటిదే గుర్తొస్తుంది. మీకు కావాల్సింది బహుశా రెండోది. గోడ నుంచి 10 అడుగుల అవతల, లోతు తక్కువగా వెడల్పుగా ఒక కాలవలాంటిది తీసి దాని మీద గడ్డే వేస్తారు, దాన్నే స్వేల్ అంటారు. వెనక నుంచి వచ్చే నీళ్ళు ఇంటిదాకా రాకుండా అందులో పడి పక్క నుంచి రోడ్డు వైపు పోతాయి. బాగా తీస్తే చూసేవాడికి అక్కడ కాలవ ఉందనే తెలియదు, లాన్ మోవర్ కూడా హాయిగా నడుస్తుంది.

ఇక ఆ 50. ఒక క్యూబిక్ యార్డ్ అంటే 27 ఘనపుటడుగులు. మీ కాంట్రాక్టర్ కొలతలు 50 ఇంటూ 30 ఇంటూ 1, అంటే 1,500 ఘనపుటడుగులు, 27తో భాగిస్తే 55 పైచిలుకు. అంటే ఆయన నోటితో చెప్పిన కొలతలతోనే దాటిపోయింది! గోడ దగ్గర అడుగు ఉండి చివరికి సున్నాకి తగ్గుతుందంటే త్రికోణం కాబట్టి అందులో సగం, 28 దాకా వస్తుంది. ఏ లెక్కో ఆయన్నే కాగితం మీద రాసిమ్మనండి. ట్రక్కు లెక్క వేరని కూడా గుర్తుంచుకోండి. ట్రక్కులో వచ్చేది వదులు మట్టి, గట్టిగా దిమ్మిస్తే తగ్గుతుంది, అందుకే 28 యార్డుల మెరకకి అంతకన్నా ఎక్కువ మట్టే దిగుతుంది. మీ సిటీ నేలమీద తేలిన లెక్క చూస్తుందా, తెచ్చిన లెక్క చూస్తుందా, తవ్వినదీ పోసినదీ రెండూ కలుపుతుందా అన్నది వాళ్ళ ఆర్డినెన్స్‌లో (సిటీ చట్టంలో) ఉంటుంది. చాలాచోట్ల రెండూ కలుపుతారు.

కౌంటర్‌కివతల:

పై ఆయన ఇంజనీరింగ్ చెప్పారు, నేను కాగితాల వైపు చెప్తాను. కొన్నేళ్ళు ఒక సిటీలో ప్లాన్ రివ్యూ చేశాను.

50 అనేది ఆకాశం నుంచి ఊడిపడలేదు. పాత యూనిఫాం బిల్డింగ్ కోడ్ అపెండిక్స్‌లో మినహాయింపుల జాబితా ఉండేది, అందులో ఒక స్థలంలో 50 యార్డులు దాటకుండా, ఎత్తు ఇంతకు మించకుండా, నేల వాలు తక్కువగా ఉండి, నీటి దారికి అడ్డు రాకుండా పోసే మట్టికి పర్మిట్ అక్కర్లేదని ఉండేది. చాలా సిటీలు ఆ అంకెని పట్టుకుని ఇప్పటికీ వాడుతున్నాయి. జనం 50 చదివి ఆగిపోతారు. "నీటి దారికి అడ్డు రాకుండా" అన్న ముక్క కూడా అదే వాక్యంలో ఉంది, మీరు చూసిన రెండో పేజీ దాని వారసురాలే. రెండు పేజీలకీ పేచీ ఏం లేదు. యార్డుల లెక్కలో తప్పించుకున్నా నీటి దిశ మారిస్తే దొరుకుతారు.

ఇప్పటి ఐబీసీలో, అంటే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో, గ్రేడింగ్ అంతా అపెండిక్స్ జేలో ఉంటుంది. అపెండిక్స్ కాబట్టి సిటీ విడిగా దత్తత తీసుకుంటేనే వర్తిస్తుంది. కొన్ని సిటీలు దాన్ని తీసుకున్నాయి, కొన్ని సొంతంగా రాసుకున్నాయి, కొన్నిచోట్ల రెండూ కలిసి ఉంటాయి. అందుకే ఫ్రెండ్‌కి వేరే ఊళ్ళో ఏం చెప్పారన్నది మీకు పనికిరాదు. (ఆ అపెండిక్స్ మినహాయింపుల్లో శ్మశానంలో గొయ్యి తవ్వడం కూడా ఉంది. దానికి మాత్రం గ్రేడింగ్ పర్మిట్ అడగరు, నిశ్చింతగా ఉండొచ్చు.)

మీ పోస్టులో నాకు కనబడిన అసలు గండం ఆ బ్లాక్ గోడ. మీ ఇంటి ప్లాట్ మ్యాప్ తీసి పక్క ఫెన్స్ వెంట చుక్కల గీత ఏమన్నా ఉందేమో, దాని పక్కన డి.ఈ. అనో, డ్రైనేజ్ ఈజ్‌మెంట్ అనో, యుటిలిటీ అనో రాసి ఉందేమో చూడండి. ఉంటే ఆ పట్టీలో సాధారణంగా గోడ, షెడ్డు, మట్టి ఏదీ పెట్టడానికి లేదు. స్థలం మీదే, పన్ను కట్టేదీ మీరే, నీళ్ళు పోయే హక్కు మాత్రం వేరేవాళ్ళకి రాసిచ్చేసి ఉంది. పర్మిట్ అప్లికేషన్ పెడితే మేము మొదట చూసేది అదే.

గోడ 3 అడుగులే కదా అనుకోవచ్చు. సిటీలు నమూనాగా తీసుకునే మోడల్ కోడ్‌లో 4 అడుగుల లోపు రిటైనింగ్ గోడకి (మట్టిని ఆపే గోడకి) పర్మిట్ అక్కర్లేదు, నిజమే. ఆ 4 అడుగులు కొలిచేది నేల మట్టం నుంచి కాదు, భూమిలో గోడ కింద ఉన్న ఫుటింగ్ (పునాది) కింది అంచు నుంచి. పైకి 3 అడుగులు కనిపించే గోడకి కింద అడుగు లోతున ఫుటింగ్ పోస్తే హద్దు మీద ఉన్నట్టే, ఇంకొంచెం లోతుకి వెళ్తే దాటేసినట్టే. వెనక వాలు నేల గానీ, కారు నిలిపే చోటు గానీ ఉండి అదనపు బరువు పడితే ఎత్తుతో పనిలేకుండా పర్మిట్ కావాలి. కొన్ని సిటీలు 30 అంగుళాల దగ్గరే పట్టుకుంటాయి.

ఇంకొకటి, ఫెమా (ఫెడరల్ విపత్తుల సంస్థ) ఫ్లడ్ మ్యాప్‌లో మీ అడ్రస్ కొట్టి చూడండి, ఉచితమే. ఏఈ లాంటి వరద ముప్పున్న జోన్‌లో ఉంటే 50 యార్డుల కథంతా పక్కన పెట్టేయాలి. ఫెడరల్ నిబంధనల్లో "డెవలప్‌మెంట్" నిర్వచనంలోనే ఫిల్లింగ్, గ్రేడింగ్ ఉన్నాయి, కాబట్టి అక్కడ ఒక్క ట్రక్కు మట్టికి కూడా ఫ్లడ్‌ప్లెయిన్ పర్మిట్ కావాల్సిందే. ఎకరం, ఆపైన నేల కదిలిస్తే స్టార్మ్‌వాటర్ పర్మిట్ ఇంకోటి ఉంది, అది మీ పెరటికి వర్తించదులెండి.

హెచ్‌ఓఏ చూసేది గోడ రంగు, మొక్కల వరస. వాళ్ళ ఉత్తరంలో కింద చిన్న అక్షరాల్లో "సిటీ అనుమతులు యజమాని బాధ్యత" అని ఉంటుంది, చూసుకోండి.

అప్లికేషన్ ఎవరు పెట్టినా పర్లేదు, నోటీసు వచ్చేది మాత్రం యజమాని పేరు మీదే.

మాకేంకాలేదు:

సరే, పోసేశాక ఎవరన్నా కంప్లయింట్ ఇచ్చారనుకోండి, అప్పుడే పర్మిట్ తీసుకుంటే పోలా? తర్వాత తీసుకునే పర్మిట్ కూడా ఉంటుంది కదా.

కౌంటర్‌కివతల:

ఉంటుంది. చాలా సిటీల్లో ఫీజు రెట్టింపు. ఫీజు కూడా పెద్ద విషయం కాదు. మట్టి పోసి, దిమ్మించి, పైన గడ్డి పరిచేశాక కింద పాత నేల ఏ మట్టంలో ఉందో ఎవరు చెప్తారు? రివ్యూ చేసేవాడికి ముందు మట్టం, తర్వాత మట్టం రెండూ కావాలి. ముందుది లేకపోతే పాత సబ్‌డివిజన్ గ్రేడింగ్ ప్లాన్ తీసి అదే ముందు మట్టం అనుకుని, తేడా అంతా మీ ఖాతాలో రాస్తాడు, ఆ తేడాలో సగం పాత యజమానిదైనా సరే. అపెండిక్స్ జే ఉన్నచోట ఇంకో తద్దినం: మట్టిని 12 అంగుళాలకి మించని పొరలుగా పోసి ఒక్కో పొరనీ గరిష్ఠ సాంద్రతలో 90 శాతం వచ్చేదాకా దిమ్మించాలి. మూసేశాక అది నిరూపించాలంటే మళ్ళీ తవ్వి టెస్ట్ చేయించాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

శనివారం ట్రక్కుల సంగతి. ఇన్‌స్పెక్టర్లు వీధుల్లో తిరిగి పట్టుకోవడం తక్కువ, అది ఒప్పుకుంటా. దాదాపు అన్నీ పక్కింటివాళ్ళ ఫోన్లతోనే మొదలయ్యేవి. ఈ కేసులో పక్కింటాయన ఆల్రెడీ ఫెన్స్ మీదుగా చూసి అడిగాడు.

పల్లంఇల్లు:

ఆ పక్కింటాయన స్థానంలో ఉన్నవాణ్ణి నేను. మా పైవైపు ఇంటివాళ్ళు అచ్చం ఇలాగే మెరక చేసి, డౌన్‌స్పౌట్ పైపులు మా ఫెన్స్ దగ్గరికి తెచ్చి వదిలారు. కప్పు నీళ్ళంటే ఎన్నో అనుకుంటారేమో, వెయ్యి చదరపుటడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 620 గ్యాలన్ల పైమాటే. అంతకుముందు అవి వాళ్ళ గడ్డి మీద పరుచుకుని నెమ్మదిగా వచ్చేవి. పైపులో పెట్టాక అన్నీ ఒకేచోట బుసకొట్టుకుంటూ వస్తున్నాయి. మా ఎయిర్ కండిషనర్ యూనిట్ కింద వేసిన దిమ్మ ఒకవైపు కుంగింది, దాని అడుగున చెయ్యి పట్టేంత మట్టి కొట్టుకుపోయింది. చెప్తే ల్యాండ్‌స్కేపింగ్‌కి పర్మిట్ అక్కర్లేదని సిటీ అందంటారు. పర్మిట్ అక్కర్లేకపోతే మా మీద వదలొచ్చని ఎవరన్నారు?

లాయర్‌ని అడిగితే తెలిసింది, పర్మిట్ ఒక దారి, పక్కవాడికి నష్టం కలిగించకూడదన్నది వేరే దారి. రెండో దాన్లో రాష్ట్రానికో పద్ధతి ఉంది. కొన్నిచోట్ల వాన నీరు ఉమ్మడి శత్రువు, ఎవడి స్థలం వాడు కాపాడుకోవచ్చంటారు. కొన్నిచోట్ల సహజంగా పారే దారి మార్చకూడదు. చాలాచోట్ల ఇప్పుడు చేసిన పని సబబుగా ఉందా లేదా అని చూస్తారు. కాలిఫోర్నియాలో 1966లో వచ్చిన కీస్ వర్సెస్ రోమ్లీ తీర్పు ఈ చివరిదానికి పేరున్న కేసు. టెక్సస్‌లో అయితే వాటర్ కోడ్ 11.086లోనే రాసేశారు: ఉపరితల నీటి సహజ ప్రవాహాన్ని మళ్ళించి గానీ ఆపి గానీ, ఆ నీళ్ళు పొంగడం వల్ల ఇంకొకరి ఆస్తికి నష్టం చేయకూడదు. ఇంతకీ పెరటిగోల గారు ఏ రాష్ట్రమో చెప్పలేదు, ఎక్కడైనా సరే పైపు చివర ఎక్కడ తేలుతుందో ముందు ఆయనకి చూపించండి. అడిగాడంటే మంచివాడే. మేం అడిగే అవకాశం కూడా దొరకలేదు, ఆఫీసు నుంచి వచ్చేసరికి అయిపోయింది.

పెరటిగోల:

అందరికీ చాలా థాంక్స్. కొలిచాను. గడ్డి నుంచి వీప్ హోల్స్ దాకా 5 అంగుళాలు. అంటే అక్కడ అంగుళానికి మించి పోయకూడదన్నమాట! కాంట్రాక్టర్‌కి చెప్తే "గోడ దగ్గర కొంచెం తగ్గించి పోస్తాంలెండి" అన్నాడు.

ప్లాట్ మ్యాప్‌లో ఎడమ ఫెన్స్ వెంట 5 అడుగుల పట్టీ, డ్రైనేజ్ ఈజ్‌మెంట్ అని స్పష్టంగా ఉంది. గోడ అక్కడే కడదామన్నాడు మహానుభావుడు. ఫ్లడ్ మ్యాప్‌లో మాది ఎక్స్ జోన్, అంటే పెద్ద వరద ముప్పు లేని జోన్, ఆ గొడవ లేదు. కౌంటర్‌కివతల గారు సబ్‌డివిజన్ గ్రేడింగ్ ప్లాన్ అన్నారు కదా, సిటీ ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెడితే స్కాన్ పంపించారు. అందులో మా స్థలం మీద బాణాలు వెనక మధ్యలోంచి రెండు పక్కలకీ చీలి, పక్కల నుంచి ముందు రోడ్డుకి వెళ్తున్నాయి. స్థలం నంబర్ పక్కన టైప్ ఏ అని ఉంది. మరి ఇప్పుడు నీళ్ళు అలా ఎందుకు పోవడం లేదు? ఎడమవైపు పాత యజమాని కట్టెల అంచుతో ఎత్తుగా పూలమడి పెట్టి ఉన్నాడు, కుడివైపు గేటు దగ్గర కాంక్రీట్ కాలిబాట ఉంది.

వాలుమేస్త్రి:

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. టైప్ ఏ అంటే స్థలం మొత్తం నీళ్ళూ ముందు వీధికే పోవాలి, టైప్ బీ అంటే సగం ముందుకి సగం వెనక్కి, సీ అంటే అంతా వెనక్కి. ఇళ్ళ గ్రేడింగ్‌కి ఎఫ్‌హెచ్‌ఏ (ఇళ్ళ లోన్లకి హామీ ఇచ్చే ఫెడరల్ సంస్థ) పెట్టినప్పటి నుంచీ వాడుతున్న పేర్లు. బిల్డర్ మీకు స్వేల్ పెట్టే ఇచ్చాడు. పాత యజమాని ఎడమవైపు దాన్ని పూలమడితో మూశాడు, కుడివైపు కాలిబాటతో. నీళ్ళకి రెండు తలుపులూ మూసేస్తే ఇంటి గోడ దగ్గర కాక ఇంకెక్కడ కూర్చుంటాయి? నీరు పల్లమెరుగు, మీ పెరట్లో ఇప్పుడున్న పల్లం అదే.

కాబట్టి కొత్త మట్టి తేవాల్సిన పనే ఉండకపోవచ్చు. పూలమడి తీసేసి, పాత ప్లాన్‌లో మట్టాల అంకెలు ఉంటాయి చూడండి, వాటికి స్వేల్‌ని తిరిగి తేవడమే. తవ్విన మట్టి అక్కడక్కడే పల్లాల్లో సర్దేయొచ్చు, ఇంటి గోడ దగ్గర మాత్రం ఆ ఒక్క అంగుళం హద్దు దాటకండి.

ముందు వాలు సరిపోతుందో లేదో లెక్క చూసుకోవాలి. గోడ దగ్గర నేల నుంచి 10 అడుగుల్లో 6 అంగుళాలు దిగాలా, అక్కడి నుంచి స్వేల్ వెనక మధ్య భాగంలో మొదలై పక్కకి తిరిగి రోడ్డు చేరేసరికి మీ ఇంటికి సుమారు 80 అడుగులు అనుకుందాం. 2 శాతం వాలు వేస్తే ఇంకో 19 అంగుళాలు. మొత్తం 25 అంగుళాలు. అంటే మీ వెనక గోడ దగ్గరి నేలకన్నా ముందు కర్బ్ (రోడ్డు అంచు గట్టు) దగ్గరి మట్టం రెండడుగుల పైన కిందికి ఉండాలి. ఉంటే గడ్డి స్వేల్ చాలు. లేకపోతే స్వేల్ కింద 4 అంగుళాల పైపు వేసి 1 శాతంతో లాక్కురావచ్చు, అప్పుడు 80 అడుగులకి 10 అంగుళాల లోపే దిగుతుంది. కొలవడానికి లేజర్ లెవెల్ అద్దెకి దొరుకుతుంది. అదీ వద్దనుకుంటే మన మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్, సన్నటి పారదర్శక పైపులో నీళ్ళు నింపి రెండు కొసలూ రెండుచోట్ల పట్టుకుంటారే, అది చాలు. గాలి బుడగ లేకుండా చూసుకోవాలంతే.

కాంక్రీట్ కాలిబాట పగలగొట్టక్కర్లేదు, దాని కింద నుంచి పైపు పోనివ్వొచ్చు. డౌన్‌స్పౌట్ పైపునీ, నేలలోని నీటిని లాగడానికి కంకరలో వేసే ఫ్రెంచ్ డ్రెయిన్ చిల్లుల పైపునీ మాత్రం ఒకటిగా కలపనివ్వకండి, కాంట్రాక్టర్లు ఖర్చు తగ్గుతుందని కలిపేస్తారు. కప్పు నీళ్ళు చిల్లుల్లోంచి ఫౌండేషన్ పక్క మట్టిలోకే కారతాయి. ఆకులు, కప్పు మీది ఇసుక రాలి పైపు కూడా పూడుకుపోతుంది.

కౌంటర్‌కివతల:

ఇప్పుడు సిటీకి ఫోన్ చేసి "పర్మిట్ కావాలా" అని అడగకండి. అలా అడిగితే కౌంటర్‌లో ఉన్నవాళ్ళు భద్రంగా కావాలనే అంటారు, లేకపోతే చూసి చెప్తాం అంటారు. మెయిల్‌లో రాయండి: ఫలానా లాట్, ఆమోదించిన గ్రేడింగ్ ప్లాన్ జతచేశాను, ఈజ్‌మెంట్‌లో ఉన్న పూలమడి తీసేసి స్వేల్‌ని ఆ ప్లాన్ మట్టాలకి తిరిగి తెస్తున్నాను, బయటి నుంచి మట్టి తేవడం లేదు, కదిలే మట్టి సుమారు ఇన్ని యార్డులు, నీటి దిశ ప్లాన్‌లో ఉన్నదే. దీనికి గ్రేడింగ్ పర్మిట్ అవసరమా, అవసరమైతే ఏ సెక్షన్ కింద? సెక్షన్ అడిగితే రివ్యూయర్ ఆర్డినెన్స్ తెరిచి చూస్తాడు. జవాబు రాతలో ఉంటుంది, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది.

పైపు రోడ్డు దాకా తెచ్చి కర్బ్‌కి కన్నం పెట్టాలంటే అది వేరే కాగితం. కర్బ్, రోడ్డు పక్క కాలిబాట సిటీవి, రైట్ ఆఫ్ వే పర్మిట్ అంటారు. అది వద్దనుకుంటే మీ గడ్డిలోనే పాప్-అప్ ఎమిటర్ (నీళ్ళొస్తే లేచే మూత) పెట్టి ఆపేయండి, కాలిబాటకి కొన్ని అడుగుల ఇవతలే. నీళ్ళు కాలిబాట మీద పారి చలికాలం గడ్డకడితే అదింకో కేసు. ఇంట్లోని మురుగు లైన్‌కి మాత్రం వాన నీళ్ళు కలపొద్దు. దాదాపు ప్రతి సిటీలోనూ నిషేధమే.

పెరటిగోల:

జవాబు వచ్చింది. ఆమోదించిన ప్లాన్ మట్టాలకి తేవడం మెయింటెనెన్స్ కింద వస్తుంది, గ్రేడింగ్ పర్మిట్ అక్కర్లేదు, కర్బ్ ముట్టుకుంటే మాత్రం రైట్ ఆఫ్ వే పర్మిట్ తీసుకోండి అని రాశారు. పని చేస్తున్నంతసేపూ వీధిలో వాన నీళ్ళు దిగే ఇన్‌లెట్‌లోకి మట్టి పోకుండా అడ్డు పెట్టమన్నారు. పాత కాంట్రాక్టర్‌ని వద్దన్నాం. ట్యూబ్ లెవెల్ పట్టి చూస్తే కర్బ్ దగ్గర 22 అంగుళాలే వస్తోంది, 25 రావట్లేదు. మరీ ఇబ్బందా? పక్కింటాయనకి ప్లాన్ స్కాన్ చూపించాను, ఆయన వైపు కూడా అదే స్వేల్ సగం ఉందట, తనూ పని చేయిస్తానన్నాడు.

వాలుమేస్త్రి:

22 పర్లేదు. గోడ దగ్గర ఆ 6 అంగుళాలూ తగ్గించకండి, మిగిలిన 16 అంగుళాలు 80 అడుగులకి పంచితే 1.7 శాతం దాకా వస్తుంది. ఐబీసీలో ఇంటికి 10 అడుగుల లోపు వెళ్ళే స్వేల్‌కి 2 శాతం అడుగుతారు, కాబట్టి ఇంటి పక్క నుంచి వెళ్ళే ముక్కలో 2 శాతం పెట్టి, వెనక భాగంలో 1 నుంచి ఒకటిన్నర మధ్య సర్దుకోండి. వెనక ముక్క నెమ్మదిగా పారుతుంది, వాన ఆగిన రోజు కాస్త చిత్తడిగా ఉంటుంది. అది కూడా వద్దనుకుంటే ఆ ముక్క కిందే పైపు వేయించండి. ఏం చేసినా ముందు మీ అంకెలు పాత ప్లాన్ మట్టాలతో సరిపోతున్నాయో చూసుకోండి, సిటీ మీకు ఒప్పుకున్నది వాటికే.

పలుగు దింపే ముందు 811కి ఫోన్ చేయండి, ఉచితం, కొన్ని పనిదినాల ముందే చేయాలి. వాళ్ళు వచ్చి గ్యాస్, కరెంట్, కేబుల్ ఎక్కడున్నాయో రంగులతో గీస్తారు. ఈజ్‌మెంట్ పట్టీలోనే అవి ఎక్కువగా ఉంటాయి. మీ స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్ళు గీయరు, అవి మీరే చూసుకోవాలి.

పక్కింటాయనతో ఒకే వారంలో పెట్టుకోండి, స్వేల్ అడుగు భాగం హద్దు గీత మీదే వస్తుంది కాబట్టి ఒకరు తవ్వి ఒకరు తవ్వకపోతే సగం సగంగా ఉంటుంది. ఇంకో చిన్న విషయం, స్వేల్ గేటు కింద నుంచి దాటే చోట ఫెన్స్ పలకలు నేలకి ఆనకుండా రెండు మూడు అంగుళాలు కోయించండి. లేకపోతే మొదటి వానకే ఆకులూ గడ్డి తుక్కూ అక్కడ చేరి చిన్న ఆనకట్ట కట్టేస్తాయి. కుక్క ఉంటే ఆ సందుకి పెద్ద కన్నాల మెష్ కొట్టించండి, సన్నటి మెష్ వద్దు.